బోణీ ధర

బేరమాడటం భారతమ్మకు పండగతో సమానం. పూతలపట్టు చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో ఆమె నోట పడి నలగని వ్యాపారి లేడు. గాజులవాడు, దుప్పట్లవాడు, పాత చీరలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాడు, అందరూ ఆమె వాకిలి దగ్గరికి వచ్చేసరికి కేక ఆపి మెల్లగా దాటిపోయేవాళ్ళు. కూతురు లోకేశ్వరికి మాత్రం ఆ బేరాలంటే ప్రాణసంకటం. "ఇంకా రవంత తగ్గించప్పా" అని అమ్మ గొంతు లేచిందంటే ఆ పిల్ల పోయి తలుపు వెనక నిలబడేది.

ఆ శనివారం నిలబడటానికి తలుపు దొరకలేదు.

లోకేశ్వరికి ఆఖరి విడతలో తిరుపతి పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. సోమవారం సాయంత్రం లోపల పోయి చేరాలి. చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. చేరటానికి అడ్డమల్లా బట్టలే. అవ్వ మంచం పట్టి రెండేళ్ళయింది. ఆమె కింద వేసే దుప్పట్లు, పాత చీరలు రోజుకు రెండు బకెట్లు. ఉతికేది లోకేశ్వరే. నాయన చీకటితో టమాటా లారీల వెంట పోతే తిరిగి ఎప్పుడు వస్తాడో ఆయనకే తెలియదు. భారతమ్మ ఉతకలేదు. నిరుడు వానల్లో ఆవుల కొట్టంలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పుత్తూరు కట్టు కట్టించుకొచ్చారు. నలభై రోజులు కదిలించవద్దని చెబితే, పదిహేనో రోజున తనే కట్టు విప్పేసి పాలు పితికింది. ఎముక వంకరగా అతుక్కుంది. ఇప్పుడు ఆ చెయ్యి చెంబు ఎత్తుతుంది గానీ తడి దుప్పటిని పిండలేదు.

అందుకని వాషింగ్ మిషను కావాలి. రెండు తొట్ల మిషను చవకే. కానీ దాంట్లో తడి బట్టలు ఒక తొట్టిలో నుంచి తీసి ఇంకో తొట్టిలో వెయ్యాలి. ఆ తీయటమే ఆమె చేతికి రాదు. ఒకే తొట్టిలో ఉతికి, తనే పిండి పెట్టేదే కొనాలి. ఏడాదిగా దాచిన పాల డబ్బు పదిహేను వేల ఆరు వందలైంది. మిషను ఇంటికి వస్తే లోకేశ్వరి తిరుపతికి పోతుంది. రాకపోతే లేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అయినా అందరికీ తెలుసు.

పక్కింటి దేవకమ్మను అవ్వ దగ్గర కూర్చోబెట్టి, తల్లీ కూతుళ్ళు తొలి బస్సుకే చిత్తూరు చేరారు. అంత పొద్దున్నే ఎందుకంటే బోణీ కోసం. తొలి బేరం పోగొట్టుకోవటానికి ఏ అంగడివాడూ ఇష్టపడడు, లాభం వదులుకునైనా ఇస్తాడు. భారతమ్మ బతుకంతా ఆ లెక్క మీదే నడిచింది.

కరెంటు సామాన్లమ్మే శాంతయ్య అంగడి బజారు వీధిలో ఉంది. బయట ఫ్యాన్లు, మిక్సీలు వరసగా పెట్టి, లోపల పెద్ద సరుకు పేర్చి ఉంటుంది. వీళ్ళు పోయేసరికి ఆయన షట్టరు ఎత్తి, నీళ్ళు చల్లి, దేవుడి పటాలకు ఊదుబత్తి తిప్పుతున్నాడు. భారతమ్మ మెట్టు కిందే ఆగింది. ఊదుబత్తి పుల్లను గుచ్చి ఆయన ఇటు తిరగ్గానే గడపలో కాలు పెట్టింది.

"బోణీ బేరం అన్నా. నా చెయ్యి మంచిది. కంటికి ఆనే ధర చెప్పు."

"రామ్మా, కూసో. ఏం కావాల?"

మిషను చూపించాడు. పదహారున్నర వేలన్నాడు. భారతమ్మ పన్నెండన్నది. ఆయన నవ్వాడు, ఆమె నవ్వలేదు. ఆయన నీళ్ళు తాగాడు. ఆమె లేచి నిలబడింది. ఆయన కూర్చోమన్నాడు. అరగంట సేపు ఇదే. లోకేశ్వరి ఒక మిక్సీ మీద రాసిందంతా మూడుసార్లు చదివింది.

చివరికి శాంతయ్య చేతులెత్తేశాడు. "సరేమ్మా, తొలి బేరం తిప్పి పంపే అలవాటు నాకు లేదు. పదిహేను వేలకు ఎత్తుకొని పో. ఇది బోణీకి చెప్పిన ధర. మల్లా సాయంత్రం వచ్చి అడిగితే ఉండదు." బిల్లు పుస్తకం ముందుకు లాక్కుని పెన్ను మూత తీశాడు.

లోకేశ్వరికి ఇన్నాళ్ళ బరువు భుజాల మీద నుంచి దిగినట్టయింది. పదిహేను వేలకు మిషను, ఆరు వందలు మిగులు. అంతలో పక్కన అమ్మ గొంతు వినిపించింది.

"ఉండన్నా, ఇంట్లో ఒక మాట అడిగి వస్తాం."

శాంతయ్య పెన్ను గాల్లోనే ఆగిపోయింది. "బేరం తెగినాక ఇంట్లో అడిగేదేందమ్మా? నువ్వే గదా బోణీ అంటివి?"

"ఇప్పుడే వస్తామన్నా, ఎంతసేపు?"

ఆయన ఒకసారి పటాల వైపు చూసి, పెన్నుకు మూత పెట్టాడు. ఆ మూత పెట్టటం చూసి లోకేశ్వరికి చచ్చేంత సిగ్గేసింది. ఏదో ఒకటి తీసుకుంటే మర్యాదగా ఉంటుందని బల్ల మీది అంగడి కార్డు ఒకటి తీసి గుప్పిట్లో పెట్టుకుని అమ్మ వెనకే దిగింది.

వీధి మలుపు తిరిగాక ఆ పిల్ల అమ్మ కొంగు పట్టి ఆపింది. "మా, పదిహేనుకే ఇస్తా ఉండాడు గదా! ఎందుకొస్తివి?"

భారతమ్మ జాకెట్లోంచి మడత పెట్టిన కాగితం తీసింది. పోయిన వారం మైకు కట్టుకుని ఊళ్ళోకి వచ్చిన ఆటో పంచిపోయిన కాగితం అది. తిరుపతిలో కొత్తగా పెట్టిన పెద్ద షోరూముది. ఎర్రటి అక్షరాలతో ఇంత లావున రాసి ఉంది: ఇంతకన్నా తక్కువ ధర మరెక్కడైనా చూపించండి, తేడాకు రెట్టింపు మీకే!

"ఈ మిషనే ఆడ పదిహేడు వేలని రాసుండారు. ఈయన పదిహేను అనె. తేడా రెండు, రెట్టింపు నాలుగు. అంటే మనకు పదమూడుకే వస్తాది. మిగిలిన దాంతో నీకు పరుపు, పెట్టె, రెండు జతల బట్టలు. హాస్టల్లో అందరి బిడ్డల ముందర నువ్వు చాప మీద పండుకుంటావా?"

"నాకు పరుపొద్దు మా. మిషను కొనేద్దాం రా."

"నువ్వూరుకో. బస్సుల్లో ఆడోళ్ళకు టికెట్టే లేదు. తిరుపతికి పోయొస్తే మన సొమ్మేం పోతాది?"

అక్కడే భారతమ్మ లెక్క తప్పింది. పది బేరాలు గెలిచిన మనిషికి పదకొండోది కూడా గెలిచినట్టే కనిపిస్తుంది.

బస్సు కిటకిటలాడుతోంది. వాళ్ళ సొంత ఊరి క్రాసు మీదుగానే పోయింది. దేవకమ్మ అవ్వకు అన్నం పెట్టిందో లేదో అనుకుంటూ లోకేశ్వరి తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడి, ఆ కాగితం మడత విప్పి మొదటి నుంచి చదివింది. అడుగున చీమ తలకాయలంత అక్షరాలు ఉన్నాయి. నిబంధనలు వర్తిస్తాయి. అవతలి అంగడి రాసిచ్చిన కొటేషను చూపవలెను. చదివి అమ్మ మోచేతిని తాకింది.

"మా, దీంట్లో రాసియ్యాలని ఉండాది."

"ఏం రాసియ్యాల? నేను చెప్తే నమ్మరా? అబద్ధాలు చెప్పే మొగమా నాది?" అంది భారతమ్మ, సగం బస్సు తిరిగి చూసేటట్టు. లోకేశ్వరి కాగితం మడిచేసింది. చిత్తూరుకే తిరిగి పోదామని గట్టిగా ఒక్క మాట అని ఉండవచ్చు. అనలేదు. 

షోరూము అద్దాల మేడ. లోపలికి అడుగు పెట్టగానే చల్లగాలి. గోడ నిండా టీవీలు, అన్నిట్లోనూ ఒకే సముద్రం. కింద టైలు ఎంత నున్నగా ఉందంటే భారతమ్మ చెప్పులు బయట విడిచింది. కాపలావాడు పరిగెత్తుకొచ్చి వేసుకోమని చెప్పాల్సి వచ్చింది.

భానుచందర్ అనే సేల్స్ కుర్రవాడు వచ్చాడు. మనది పాకాల అని చెప్పుకున్నాడు, నవ్వుతూ మాట్లాడాడు. భారతమ్మ కాగితం చూపించి తన లెక్క చెప్పేసరికి నవ్వు సగానికి తగ్గింది.

"పదిహేనుకు ఇస్తామని రాసిచ్చినారా అక్కా?"

"నోటితో చెప్పినాడు."

"కొటేషను గానీ, బిల్లు గానీ?"

"కొంటే గదప్పా బిల్లిచ్చేది! కొనేసినాక నీ కాడికి ఎందుకొస్తా నేను?"

భానుచందర్‌ మేనేజరును పిలుచుకొస్తానని పోయాడు.

మేనేజరు దయానంద్ మెడలో టై, చేతిలో ఫోను. ఆయన అప్పటికే ఇంకో గొడవలో ఇరుక్కుని ఉన్నాడు. ఓబయ్య అనే పెద్దాయన, తెల్ల పంచె, భుజాన తుండు, ఒక టీవీ ముందు కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చున్నాడు. అదే టీవీ ఆన్‌లైన్లో మూడు వేలు తక్కువని మనవడు ఫోన్లో చూపించాడట.

"ఆన్‌లైన్ ధరలు లెక్కలోకి రావు సార్, కింద రాశాం," అంటున్నాడు దయానంద్.

"పైన రాసింది నా కండ్లకు అగపడినాది. కింద రాసింది అగపడలా. అగపడనిది రాసి ఏం లాభం నాయనా?" అన్నాడు ఓబయ్య.

దయానంద్ భారతమ్మ వైపు తిరిగాడు. కాగితం లేనిదే కుదరదన్నాడు. భారతమ్మ కుదురుతుందన్నది. వాళ్ళ కంపెనీ రూలు అన్నాడు. అయితే ఎర్ర అక్షరాలు ఎవరు రాసినారని ఆమె అడిగింది. మాట మీద మాట పెరిగింది. ఫ్రిజ్జులు చూసుకునేవాళ్ళు ఫ్రిజ్జులు వదిలేసి వచ్చారు. లోకేశ్వరి ఒక కూలరు పక్కకు జరిగింది. గొడవపడే అమ్మను చూసి సిగ్గు, అమ్మను పట్టించుకోని ఆ టై మనిషిని చూసి కోపం, రెండూ కలిసి ఆ పిల్ల కళ్ళు మండాయి. గోడ గడియారంలో రెండు దాటింది.

"సరే అమ్మా," అన్నాడు దయానంద్ విసుగ్గా. "ఒక్క దారి ఉంది. ఆ షాపుకి ఫోన్ చేస్తాం. వాళ్ళు అవునంటే మీ తేడా మీకిస్తాం. నంబరుందా?"

భారతమ్మ గతుక్కుమంది. లోకేశ్వరి కూలరు వెనక నుంచి వచ్చి, చెమటకు మెత్తబడిన కార్డును చాచింది. భారతమ్మ కూతురి వైపు చూసిన చూపులో ఎంత మురిపెం ఉందో!

దయానంద్ స్పీకరు పెట్టాడు. నాలుగు మోతలకు శాంతయ్య ఎత్తాడు.

"చిత్తూరు శాంతయ్యగారా? తిరుపతి నుంచి మాట్లాడుతున్నాం. పొద్దున ఒకావిడకు వాషింగ్ మిషన్ పదిహేను వేలకు ఇస్తామన్నారట, నిజమేనా?"

 శాంతయ్య గొంతు లేచింది.

"ఎవురికి? బోణీ చెడగొట్టి పొయిన ఆయమ్మకా? నేనా? పదిహేనా? నేనెప్పుడు చెప్తినప్పా! నా ధర పదహారున్నర. కావాలంటే కొనుక్కోమను, లేకుంటే లేదు."

భారతమ్మ ఫోను మీదికి వంగింది. "అన్నా! ఊదుబత్తి వాసన ఇంకా పోకముందే చెప్పినావు గదన్నా! ఇంత అబద్ధమా?"

"అబద్ధం నాదా, నీదా? ఇంట్లో అడిగి వస్తానని పోతివి. నీ ఇల్లు తిరుపతిలో ఉండాదా తల్లీ? నా ధర తీసుకొని పోయి ఆడ బేరం పెడతావా? నువ్వు గడప దిగినప్పటి నుంచి ఈగలు తోలుకుంటా కూసుండా. ఇంతవరకు ఒక్క ప్లగ్గు గూడా పోలా. శనివారం పూట! ఏం చెయ్యమ్మా నీది!"

షోరూములో ఎవరో కిసుక్కుమన్నారు. భారతమ్మ నిటారుగా లేచి నిలబడింది. ఆమె కుడిచెయ్యి కొంగులో దూరింది. నలుగురిలో మాట పడినప్పుడు ఆ వంకర మణికట్టును దాచుకోవటం ఆమెకు కొత్తగా వచ్చిన అలవాటు. బేరంలో ఓడిపోయిన అమ్మను లోకేశ్వరి అంతకు ముందు చూడలేదు.

"విన్నారుగా," అన్నాడు దయానంద్ కట్ చేయబోతూ.

ఎక్కడి నుంచి వచ్చిందో తెగింపు, లోకేశ్వరి ఆయన చేతిలోని ఫోను పట్టేసుకుంది. పట్టుకున్నాక గానీ తను ఏం చేసిందో ఆ పిల్లకు తెలియలేదు. 

"మామా, నేను... పొద్దున వచ్చిన పాపను."

"ఏం మా?" శాంతయ్య గొంతు కరుగ్గానే ఉంది.

"తప్పు మాదే మామా. బోణీ చేసి రాకుండా వచ్చేసినాం." అంత దూరం వచ్చాక ఆ పిల్లకు ఊపిరి అందింది. "ఇంతవరకు ఒక్క ప్లగ్గు గూడా పోలేదని చెప్తివి గదా. అయితే నీకు ఇంకా బోణీ కాలేదు."

"కాలా. మీ పుణ్యమే."

"అయితే... బోణీ ధర ఇంకా ఉన్నట్టే గదా మామా?"

ఓబయ్య కుర్చీలోంచి "అబ్బా!" అన్నాడు. అవతల అంగడి ముందు పోతున్న ఆటో చప్పుడు స్పీకర్లోంచి వినిపించింది. ఆ వచ్చిన ఆటో పూర్తిగా దాటిపోయింది, ఇంకొకటి వచ్చింది.

"ఎవురి బిడ్డవు నువ్వు!" అన్నాడు శాంతయ్య చివరికి. అది మెచ్చుకోలో తిట్టో తెలియలేదు. "సరే. నేను బోణీకని చెప్పిన ధర, బోణీ అయ్యేదాకా నాదే, ఒప్పుకుంటా. కానీ ఫోన్లో మీటలు నొక్కి డబ్బు పంపిస్తే నాకది బోణీ కాదు. నోటు చేతిలో పడాల. దీపాలు పెట్టేలోగా రండి. మధ్యలో ఎవురన్నా వచ్చి కొనుక్కొని పోతే నన్ననొద్దు."

ఫోను పెట్టేశాడు.

దయానంద్ మొహం మారింది. ఇంతసేపూ తోలేయాలని చూసిన బేరం నిజంగానే తలుపు దాకా పోతుంటే ఆయనకు మనసొప్పలేదు. రెండడుగులు వెంట వచ్చాడు.

"అమ్మా, ఆగండి. అంత దూరం ఎందుకు? నా చివరి మాట, పదహారు."

భారతమ్మ ఆగింది. "ఇంతసేపూ పదిహేడని కదా పాట పాడితివి? ఆ పదహారు రాసిస్తావా?"

"రాసివ్వటం కుదరదమ్మా. మీకు మాత్రమే చెప్తున్నా."

"నీ నోటి ధర నువ్వే రాసియ్యవు. చిత్తూరాయన మాత్రం రాసియ్యాలనా? ఏం యవారమప్పా మీది!"

"బాగా అడిగినావు చెల్లెలా," అన్నాడు ఓబయ్య. "నేను మాత్రం లేసేది లేదు. నాకిప్పుడు పనేం లేదు."

బస్టాండుకు పరుగు పరుగున పోయారు. మూడు కావస్తోంది. చిత్తూరు పోయే మామూలు బస్సు ఇంకా రాలేదు. ఎప్పుడొస్తుందో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పక్కన నాన్‌స్టాపు బయలుదేరటానికి గుర్రుగుర్రుమంటోంది. దాంట్లో ఆడవాళ్ళకూ టికెట్టే.

"దాంట్లో ఇద్దరికీ రెండు నూర్ల పైన. ఉండు, మామూలుది వస్తాది," అంది భారతమ్మ.

"ఎవురన్నా వచ్చి బల్బు కొనుక్కున్నా అయిపాయ మా!"

"దానికని రెండు నూర్లు..."

లోకేశ్వరి వినలేదు. జీవితంలో మొదటిసారి అమ్మ మాట పూర్తి కాకముందే నడిచిపోయి బస్సెక్కి సీట్లో కూర్చుంది. కిటికీలోంచి చూస్తే భారతమ్మ కిందే నిలబడి ఉంది, నోరు తెరిచి. డ్రైవరు హారను కొట్టాడు. అప్పుడు ఎక్కింది.  టికెట్ల కోసం కొంగుముడి ఎడమ చేత్తో విప్పటానికి ఆమె పడుతున్న తిప్పలు చూసి లోకేశ్వరి సాయం చెయ్యబోతే, చెయ్యి విదిలించేసింది.

బస్సు ముప్పావుగంట బాగానే పోయింది. పాకాల దాటాక రోడ్డు పని దగ్గర ఆగింది. ఎర్రజెండా పట్టుకున్న మనిషి బండరాయి మీద కూర్చుని తాపీగా వక్కాకు నములుతున్నాడు. లోకేశ్వరి ఆ జెండానే చూస్తూ కూర్చుంది. ఈ నిమిషంలో ఆ అంగడి మెట్టెక్కేది ఎవరు? సెల్లు బ్యాటరీ కోసం వచ్చే ముసలాయనా? చార్జరు వైరు కోసం వచ్చే కాలేజీ పిల్లలా? పది రూపాయల బేరం చాలు, తన మూడేళ్ళ చదువు ఎగిరిపోవటానికి. ఇంత చిన్న దాని మీద ఇంత పెద్దది నిలబడి ఉండటం ఆ పిల్లకు ఏడుపు తెప్పించింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక జెండా మనిషి మీద కోప్పడింది.

సొంత ఊరి క్రాసును రెండోసారి దాటేటప్పుడు తల కూడా తిప్పలేదు.

చిత్తూరులో దిగేసరికి ఎండ మేడల పైకి ఎక్కింది. బజారు వీధిలోకి మలుపు తిరగ్గానే లోకేశ్వరి టక్కున ఆగింది. శాంతయ్య అంగడిలో మనిషి ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి, చొక్కా జేబులో టెస్టరు, చేతిలో ఖాళీ కాఫీ కప్పు. గట్టిగా అరుస్తున్నాడు.

"ఏందన్నా ఇది! రెండు కాఫీలు తాపించినావు, వైరు చుట్ట మాత్రం ఇయ్యవు. అదిగో, ఆ గూట్లోనే ఉండాది గదా! ఆడ నా పని ఆగిపొయ్యుండాది."

"ఉండు పాల్, లోపల మంచి రకం ఉండాది, తెప్పిస్తా."

"గంట నుంచి తెప్పిస్తానే ఉండావు! సరుకు పెట్టుకొని అమ్మని అంగడిని నిన్నే చూస్తి!"

శాంతయ్య తల ఎత్తి వీళ్ళను చూశాడు. ఆయన మొహంలో నవ్వు లేదు, కానీ బిగబట్టిన ఊపిరి వదిలినట్టు భుజాలు దిగాయి. వెంటనే చిరచిరలాడాడు.

"ఇప్పుడా వచ్చేది? నాకు తెలిసినోళ్ళందరితోనూ తిట్లు తినిపిస్తిరి గదా!"

భారతమ్మ చకచకా మెట్టెక్కి కొంగుముడి విప్పింది. నోట్ల కట్ట ముందుకు చాచింది. శాంతయ్య చెయ్యి చాచలేదు.

"నీ చేత్తో వద్దులేమ్మా. పాపతో ఇప్పించు."

 పొద్దున ఇదే గడపలో నా చెయ్యి మంచిదని చెప్పుకున్న మనిషి భారతమ్మ. ఆమె పెదవులు కదిలాయి, జవాబు అక్కడి దాకా వచ్చినట్టే ఉంది. శాంతయ్యను ఉతికి ఆరేసే మాట ఆమె దగ్గర లేకపోదు. లోకేశ్వరి భయంగా అమ్మ కళ్ళలోకి చూసింది. మా, ఒక్కసారి, నా కోసం.

భారతమ్మ ఆ మాటను మింగింది. మింగటం కంటికి కనిపించింది. నోట్ల కట్టను కూతురి చేతిలో పెట్టి ఒకడుగు వెనక్కి వేసింది.

లోకేశ్వరి కుడి చేత్తో డబ్బిచ్చింది. శాంతయ్య కళ్ళకద్దుకుని, రెండుసార్లు లెక్కపెట్టి, బిల్లు రాశాడు. ఆ తర్వాత గూట్లోంచి వైరు చుట్ట తీసి పాల్ ముందు పడేశాడు.

"ఓహో, ఇందుకా!" అన్నాడు పాల్. అతనికప్పుడు అర్థమైంది. "అయితే నా కాడ గూడా తగ్గించన్నా, ఇంతసేపు కాపలా కూసుంటి."

"నీది రెండో బేరం. ధర ధరే. రెండు కాఫీలు తాగినావు గదా."

మిషనును ఊరికి చేర్చే బాడుగ తనది కాదన్నాడు శాంతయ్య. టెంపోవాడు ఆరు వందలన్నాడు. నాన్‌స్టాపు పోగా కొంగులో మిగిలింది మూడు వందల డెబ్బై. సరిగ్గా అక్కడ భారతమ్మకు మళ్ళీ గొంతు వచ్చింది. పొద్దున్నుంచి పడ్డ మాటలన్నిటి కసీ ఆ టెంపోవాడి మీద తీర్చుకుంది. డీజిలు నుంచి మొదలుపెట్టి, ఎట్లాగూ పూతలపట్టు మీదుగానే గదా నువ్వు ఇంటికి పోయేది అనేదాకా లాగింది. మూడు వందల యాభైకి వాడు దండం పెట్టి బండి స్టార్టు చేశాడు. లోకేశ్వరి ఈసారి పక్కకు జరగలేదు. అలాగని నవ్వూ రాలేదు. నవ్వటానికి ఒంట్లో ఓపిక లేదు.

టెంపో వెనక మిషను పెట్టెకు చెరొక పక్క కూర్చున్నారు. ఊరు దాటింది. గతుకు వచ్చినప్పుడల్లా భారతమ్మ ఎడమ చేత్తో పెట్టెను పట్టుకుంటోంది, కుడిచెయ్యి ఒళ్ళో ఉంది.  పరుపు రాలేదు, పెట్టె రాలేదు, రెండు జతల బట్టలూ రాలేదు. పొద్దున పది గంటలకు ఇంటికి రావలసిన మిషను పొద్దుగూకేటప్పుడు వస్తోంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరూ ఎత్తలేదు.

"నువ్వు గాని ఆ ఫోను పట్టుకోకుండా ఉంటే, ఆ టై కట్టినోడిని ఇంకో గంటలో పద్నాలుగుకు దించుతుంటి," అంది భారతమ్మ ఉన్నట్టుండి.

లోకేశ్వరికి కోపం భగ్గుమని పైకి లేచింది. నీ వల్ల గదా ఇదంతా, పొద్దున్నే ఆయన పెన్ను మూత తీసినప్పుడే ఊరుకుని ఉంటే? అనాలని తల ఎత్తింది. అమ్మ రోడ్డు వైపు చూస్తోంది. గాలికి జుట్టంతా చెదిరి, పొద్దున్నుంచి పచ్చి నీళ్ళు తప్ప ఏమీ తాగని మొహం పీక్కుపోయి ఉంది.

"దించుతుంటివిలే మా," అంది లోకేశ్వరి.

భారతమ్మ కూతురి వైపు అనుమానంగా చూసింది, ఎగతాళేమోనని. తర్వాత పెట్టె మీద పడ్డ దుమ్మును అరచేత్తో తుడిచింది.

"సోమవారం బస్సు ఎన్నింటికి?"

"ఎనిమిదింటికి ఉండాది."

"ఎనిమిదింటికి పోతే కాలేజీ కాడ లైను ఎంత పొడుగుంటాదో! ఆరింటిదానికే పోదాం," అంది భారతమ్మ.